మూడో కుర్చీ

“దీవెన పోయిందన్న సంగతి నా దగ్గర ఎందుకు దాచారే?” అని అడిగింది సుగుణమ్మ. అడిగింది మరెవరినో కాదు, దీవెననే.

పొద్దుటి ప్రార్థన అప్పుడే ముగిసింది. పెదవాల్తేరులోని ఆ చిన్న ఇంటి ముందుగదిలోకి సముద్రపు గాలి వస్తోంది, పోతోంది. పేము కుర్చీలో తల్లి. ఆమెకెదురుగా రెండు చెక్క కుర్చీలు. మొదటిదాంట్లో పెద్దకూతురు కృపామణి, రెండోదాంట్లో చిన్నకూతురు దీవెన. నడిమి కూతురు స్నేహలత విజయనగరం బడికి రోజూ రైల్లో వెళ్ళివచ్చే పంతులమ్మ. ఒకనాడు బడిలోనే జ్వరంతో పడిపోయింది. అక్కడి ఆసుపత్రిలోనే నాలుగో రోజున కన్నుమూసింది. అది జరిగి ఆ పొద్దుటికి పన్నెండు రోజులు.

“అమ్మా, నేనే దీవెనని.”

“ఊరుకో స్నేహా! నవ్వులాటకు ఇదేనా సమయం?” సుగుణమ్మ కళ్ళజోడు సర్దుకుని దీవెనను ఎగాదిగా చూసింది. “చిక్కిపోయావు. గొంతు కూడా మారిపోయింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయుంటుంది. ముప్పైనాలుగేళ్ళు నర్సుద్యోగం చేశాను, ఎంతమంది కళ్ళు ఈ చేత్తో మూశానో లెక్కలేదు. కన్నబిడ్డ సంగతి నాకు చెప్పకూడదా?”

“పోయింది స్నేహ అమ్మా,” అంది కృపామణి. “ఆ రోజే వచ్చి చెప్పాను కదా నీకు.”

“చెప్పావు. పేరు తప్పు చెప్పావు. దుఃఖంలో నోరు తడబడుతుంది, నాకు తెలీదేటి?”

ఆపైన సుగుణమ్మ వాళ్ళిద్దరితోనూ కాదు, తనలో తానే మాట్లాడుకున్నట్టు మాట్లాడింది. “పాపం, దానికి నోరు లేదు. స్నేహలాగ వచ్చి మెడ చుట్టూ చేతులు వేసే పిల్ల కాదు. గుమ్మం దగ్గర నిలబడి, నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేది. నేను నిద్రపోతున్నాననుకునేది. నేనెక్కడ నిద్రపోయాను? అది వచ్చి చూసి వెళ్ళేదాకా నాకు నిద్రే పట్టేది కాదు.”

దీవెన తలవంచుకుంది. ఈ మాట ఆమె ఎన్నడూ వినలేదు. వినడానికి తాను చనిపోవలసి వచ్చింది.

*

దీవెన పనిచేసే పరిశోధనశాల రుషికొండ పైన ఉంది. అక్కడ తయారైన సాఫ్ట్‌వేర్ చట్రం పేరు ‘అల్లిక’. అది మొదట పుట్టింది మనుషుల కోసం కాదు, వెబ్ పేజీల కోసం. రైలు టికెట్ల పేజీ, పరీక్షా ఫలితాల పేజీ, లక్షలమంది ఒక్కసారిగా తెరిచే పేజీలను అలసట లేకుండా నడిపించడానికి దీవెన, మరి నలుగురు కలిసి అల్లిన అల్లిక.

మూడేళ్ళ కిందట సుగుణమ్మకు మెదడువాపు వచ్చింది. ప్రాణం నిలిచింది కానీ ముఖానికీ, పేరుకూ, ప్రేమకూ మధ్యనున్న ముడి తెగిపోయింది. తనకు ముగ్గురు కూతుళ్ళని తెలుసు, వాళ్ళ పేర్లు తెలుసు. ఎదుట నిలబడినది ఎవరో మాత్రం తెలియదు. రెప్ప వేసి తెరిచినప్పుడల్లా ఆమె మెదడు గదినంతటినీ కొత్తగా కట్టుకునేది. గోడ, కిటికీ, మనిషి, మనిషి చేతిలోని గ్లాసు, అన్నీ మళ్ళీ మొదటినుంచి. గంటలో సొమ్మసిల్లిపోయేది.

అప్పుడు పరిశోధనశాల పెద్ద, నాడీవైద్యుడు పార్వతీశం దీవెనను ఒక ప్రశ్న అడిగాడు. “మీ వెబ్ పేజీ కూడా ఒకప్పుడు చిన్న మార్పు వస్తే చాలు మొత్తం మళ్ళీ గీసుకునేది కదా. ఆ జబ్బు మీరెలా నయం చేశారు?”

ఆ ప్రశ్నలోంచి పుట్టింది సుగుణమ్మ కళ్ళజోడు. దాని అంచున ఆవగింజంత కెమెరా. చెవి వెనుక చర్మం కింద గోరంత పరికరం. అందులో అల్లిక: గదిలో మారినదాన్ని మాత్రమే మెదడుకు అందిస్తుంది, ఎదుటివాళ్ళెవరో గుర్తుచేస్తుంది, వాళ్ళమీద పుట్టే ప్రేమను వాళ్ళ పేరిటే పోగుచేస్తుంది.

ఆ పన్నెండో రోజు ఉదయమే దీవెన కొత్తగా చేరిన నలుగురికి పాఠం చెప్పాలి. సెలవు పెట్టమన్నారు తోటివాళ్ళు. ఇంట్లో కూర్చుంటే తన చావుకు తానే ఓదార్పు చెప్పాలి కనుక ఆమె వచ్చింది.

“తెరమీద కనిపించేది పేజీ,” అంటూ బోర్డుమీద కొమ్మలున్న ఒక చెట్టు గీసింది. “ఆ పేజీకి నీడ ఒకటి అల్లిక తన దగ్గర ఉంచుకుంటుంది. ఏదైనా మారిందా, కొత్త నీడ ఒకటి గీస్తుంది. పాత నీడనూ కొత్త నీడనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా ఉన్న కొమ్మను మాత్రమే పేజీలో తాకుతుంది. మారనిదాన్ని ముట్టుకోదు. అంతే. మిగిలినదంతా ఈ మాటకు వ్యాఖ్యానమే.”

“మరి ఒకేలాంటి కొమ్మలు వరుసగా ఉంటే మేడమ్? ఏది ఏదో ఎలా తెలుస్తుంది?” అని అడిగింది ముందు బల్లమీది అమ్మాయి.

“ప్రతి కొమ్మకూ మనం ఒక గుర్తు ఇవ్వాలి. ఆ గుర్తు దానికే సొంతమై ఉండాలి. మొదటిది, రెండోది, మూడోది అని స్థానాన్ని గుర్తుగా ఇవ్వకూడదు.”

“ఇస్తే ఏం పోతుంది మేడమ్? పని తొందరగా అయిపోతుంది కదా!”

నలుగురూ నవ్వారు. దీవెన కూడా నవ్వబోయి, బోర్డుమీద మూడు గళ్ళు గీసింది. గడిలో పైన ఒక పేరు. కింద, ఆ గడిలోనే పోగుపడిన మాటలు. “ఇప్పుడు నడిమి మనిషి వెళ్ళిపోయాడు. మూడోవాడు జరిగి రెండో గడిలోకి వచ్చాడు. గుర్తు స్థానానిదే కనుక అల్లిక ఏమనుకుంటుంది? రెండోవాడు ఇక్కడే ఉన్నాడు, ముఖం కాస్త మారిందంతే అనుకుంటుంది. కనుక ముఖం మార్చి, కింద పోగుపడినదాన్ని అలాగే ఉంచేస్తుంది. మూడో గడి కనబడదు కనుక పోయినవాడు మూడోవాడే అనుకుంటుంది. వాడి గడిలో పోగుపడినదంతా...”

పెన్ను బోర్డుమీదే ఆగిపోయింది.

“మేడమ్?” అంది ముందు బల్లమీది అమ్మాయి.

దీవెన తన గదికి నడిచింది. నడక కాదు, పరుగు. మూడేళ్ళ నాటి ఫైలు తెరిచింది. ఇంటి మనుషులను గుర్తుపట్టే భాగం. తన చేత్తో తాను రాసిన వరుస. అక్కడ ముగ్గురి గుర్తులూ సున్నా, ఒకటి, రెండు. ఆ వరుస పక్కనే, తర్వాత చదివేవాళ్ళ కోసం తాను రాసుకున్న చిన్న వివరణ కూడా ఉంది: ‘ప్రస్తుతానికి స్థానమే గుర్తు. మా ఇంట్లో ఎవరి కుర్చీ వారిదే.’

నిజమే. ఆ ఇంట్లో ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది, తండ్రి పెట్టి పోయిన పద్ధతి. పెద్దది కీర్తన ఎత్తుకోవాలి, నడిమిది బైబిలు వాక్యం చదవాలి, చిన్నది చివరి ప్రార్థన చెప్పాలి. ముప్పైయేళ్ళలో ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నది లేదు. కానీ స్నేహను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాటి పొద్దున, వాక్యం చదివే గొంతు లేక తల్లి బిత్తరపోయి చూస్తుంటే, దీవెన తన కుర్చీని లోపలి గదిలో పెట్టి వచ్చి, అక్క కుర్చీలో కూర్చుని వాక్యం చదివింది. ఆనాటినుంచి తల్లి తనను ‘స్నేహా’ అని పిలుస్తుంటే, దుఃఖంలో పేరు తడబడుతోందనుకుంది.

ఆ క్షణాన అల్లిక పాత నీడనూ కొత్త నీడనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. తేడా కనిపెట్టింది. తాకవలసిన చోట తాకింది. తనకు నేర్పినదాన్ని తు.చ. తప్పకుండా చేసింది.

*

పార్వతీశం ఫ్లాస్కులోంచి టీ రెండు కప్పుల్లో పోశాడు. ఒకటి ఆమె వైపు జరిపాడు. దీవెన ముట్టుకోలేదు.

“మూడో కొమ్మ రద్దయిపోయిందంటే దానిలో పోగుపడినదీ పోయినట్టే కదండీ?”

“పోయింది. పేరూ జ్ఞాపకాలూ ఆమెవే కనుక ఉంటాయి, నీ ముఖం చుట్టూ పోగుపడినదే పోయింది. నకలు ఉండాలి కదా?”

“వారం దాటితే నకలు చెరిగిపోతుందండి.”

“ఆ నియమం పెట్టిందెవరు?”

“నేనేనండి. రోగి మనసుకు నకళ్ళు మన దగ్గర ఎక్కువకాలం ఉండడం మర్యాద కాదని.”

పార్వతీశం తన కప్పు కింద పెట్టాడు. “మంచి నియమమే పెట్టావు తల్లీ,” అన్నాడు. అందులో వెటకారం లేదు.

దారులు మూడున్నాయని ఆయన చెప్పాడు. మొదటిది, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం. సుగుణమ్మకు స్నేహ బతికే ఉంటుంది. రెండోది, ఎవరి గుర్తు వారికిచ్చి, స్నేహ కొమ్మలో పోగుపడిన ప్రేమకు నకలు తీసి దీవెన కొమ్మలో పెట్టడం. మూడోది, నకలు ఏదీ పెట్టకుండా గుర్తులు మాత్రం సరిచేయడం. అప్పుడు స్నేహ కొమ్మ స్నేహకే ఉంటుంది, ఆ కొమ్మ చివర మనిషి ఉండదు. దీవెన కొమ్మ ఉంటుంది, అందులో ఏమీ ఉండదు.

“మొదటిసారి అది నిండడానికి ఏడాదిన్నర పట్టింది,” అన్నాడాయన. “ఇప్పుడామె వయసు డెబ్బై ఒకటి. ఈసారి నిండుతుందని నేను మాటివ్వలేను. నిండకపోతే ఆమెకు నువ్వెప్పటికీ ఇంట్లో తిరిగే ఎవరో అమ్మాయివే.”

“రెండో దారిలో?”

“రేపటినుంచే నిన్ను కూతురిలా చూసుకుంటుంది. హాయిగా ఉంటుంది.”

“అది అక్కదండీ,” అంది దీవెన. “అక్క సంపాదించుకున్నది.”

*

“అయితే మీ లాబ్‌లో మనుషులకు రోల్ నంబర్లా?” అంది కృపామణి వంటింట్లో వంకాయలు తరుగుతూ. ఆమె కాపురం పక్కవీధిలోనే. నోరు కత్తిపీట కంటె పదును. “ఇంత చదువు చదివి, ఆరోజు కుర్చీ జరుపుతుంటే నీకు తట్టలేదేటే?”

“తట్టలేదు.”

“నాకూ తట్టలేదులే. నువ్వు వాక్యం చదువుతుంటే బాగానే ఉందనుకున్నాను.” కత్తిపీట ఆగింది. “ఒక మాట చెప్పనా? వదిలేయవే. అమ్మ ఆ గదిలోంచి ‘స్నేహా, మంచినీళ్ళు’ అని పిలిస్తే, ఇక్కడ నా ప్రాణం లేచివస్తోంది. ఒక్క క్షణం నిజంగానే అది పెరట్లో బట్టలారేస్తున్నట్టుంటుంది. ఎవరికి నష్టం?”

“నాకు.”

“నువ్వున్నావు కదే!”

“అమ్మకి లేను కదక్కా.”

అలా అన్నదే గాని, దీవెన వెంటనే ఏమీ చేయలేదు. రోజు గడిచింది, మరోరోజు గడిచింది. స్నేహగా ఉండడం తీయగా ఉంది. తల్లి పిలిచి ఎదుట కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసేది. బుగ్గ గిల్లేది. ‘మీ హెడ్‌మాస్టరు మళ్ళీ ఏమైనా అన్నాడా, నేనొచ్చి ఇంజెక్షను పొడుస్తానని చెప్పు’ అని నవ్వించేది. ఇంత సరసం, ఇంత చనువు ఈ ఇంట్లో, ఈ పక్కగదిలోనే ఇన్నాళ్ళూ ఉందని దీవెనకు తెలియనే తెలియదు. గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన మనిషికి గదిలో ఏముందో ఎలా తెలుస్తుంది? ఒక్కోసారి ఆమె తన పేరు మరచిపోయేది. మరచిపోవడం కూడా బాగానే ఉండేది.

ఆరో రోజు మధ్యాహ్నం సుగుణమ్మ కాగితం, పెన్ను తెమ్మంది. “నీ దస్తూరి బాగుంటుంది, కూర్చో స్నేహా. ఆదివారం ఆదరణ కూడిక పెట్టిస్తున్నాను. పాస్టరుగారికి మన బిడ్డ గురించి నాలుగు ముక్కలు రాసివ్వాలి. చదువుతారు.”

దీవెన కూర్చుంది. తల్లి చెప్పింది. దీవెన రాసింది.

“దీవెన మా మూడో బిడ్డ. తక్కువ మాట్లాడేది, ఎక్కువ ఆలోచించేది. మందుల సీసాలమీద పెద్ద అక్షరాలతో వేళలు రాసి అంటించేది. నా కోసం ఏదో యంత్రం చేసిందట. చేశానని నాతో ఒక్కనాడూ చెప్పుకోలేదు...”

పెన్ను కదులుతోంది. తన గురించిన కబురు తన చేత్తోనే తయారవుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దస్తూరి చెదరలేదు. పుటన్నర నిండింది. చదివి వినిపించమంది తల్లి. వినిపించింది. బాగుందంది తల్లి. కాగితం మడుస్తుండగా దీవెన చేయి ఆగింది.

ఆ పుటన్నరలో స్నేహ లేదు.

ఎలా ఉంటుంది? స్నేహ ఎదురుగా కూర్చుని రాస్తోంది కదా. సమాధుల తోటలో ఇంకా గడ్డి మొలవని మట్టి కింద ఉన్న స్నేహ కోసం ఈ ఇంట్లో కన్నతల్లి ఒక్క కన్నీటిబొట్టు విడవలేదు. ఇకమీద విడవబోదు. దాని కోసం ఏ ఆదివారమూ ఏ కూడికా జరగదు. దీవెనకు తాను ఆరు రోజులుగా ఎవరి ముద్దలు తింటోందో అప్పుడు తెలిసింది.

*

దీవెన వంటింట్లోంచి మూడు స్టీలు గ్లాసులు తెచ్చి బల్లమీద వరుసగా పెట్టింది. మొదటిదాంట్లో పాలు పోసింది. రెండోదాంట్లో కాఫీ పోసింది. మూడోదాంట్లో మంచినీళ్ళు పోసింది.

“ఏటిది, హోటలు పెడుతున్నావా?” అంది సుగుణమ్మ.

“చూడమ్మా. ఈ గ్లాసులు నీ మనసులో ఉన్నవి. వీటి వెనక మేం ముగ్గురం నిలబడ్డాం అనుకో. పాలు పెద్దక్క, కాఫీ చిన్నక్క, నీళ్ళు నేను. నీ యంత్రానికి మేం తెలీదు. మొదటి గ్లాసు, రెండో గ్లాసు, మూడో గ్లాసు అనే తెలుసు. అలా నేర్పింది నేనే. ఇప్పుడు చిన్నక్క వెళ్ళిపోయింది. నేను జరిగి రెండో గ్లాసు వెనక నిలబడ్డాను.” దీవెన మూడో గ్లాసు తీసుకెళ్ళి నీళ్ళు పారబోసి వచ్చింది. “ఇప్పుడు నీకు నేను కాఫీని.”

సుగుణమ్మ రెండు గ్లాసులనూ చూసింది. కూతురి ముఖం చూసింది. మళ్ళీ గ్లాసులను చూసింది. లోపలెక్కడో ముప్పైనాలుగేళ్ళ నర్సు నిటారుగా లేచి కూర్చుంది.

“నువ్వు చెప్పేది తలకి ఎక్కుతోంది. మనసుకి ఎక్కడం లేదు. నిన్ను చూస్తే స్నేహే అనిపిస్తోంది. వార్డులో భ్రమ పడేవాళ్ళను చూశాను. వాళ్ళకూ ఇలాగే ఉండేది కాబోలు.” గ్లాసులను పక్కకు జరిపింది. “కృపను పిలు.”

కృపామణి వచ్చింది. తల్లి ఒక్క ప్రశ్నే అడిగింది. “మట్టిలో ఎవరున్నారే?”

కృపామణి నోరు, కత్తిపీట కంటె పదునైన నోరు, తెరుచుకోవడానికి ఎంతో సేపు పట్టింది. “స్నేహ అమ్మా.”

సుగుణమ్మ తలాడించింది. ఏడుపు రాలేదు. రాకపోవడం చూసి ఆమే భయపడింది. “చూశారా, ఆ పేరు వింటే నాలో ఏమీ కదలడం లేదు. ఒకసారి మా వార్డులో ఒకే పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. కాలివేలికి కట్టే చీటీలు తారుమారయ్యాయి. ఒకామె మనుషులు రెండో ఆమెను బండి ఎక్కించుకుని ఏడ్చుకుంటూ పోతున్నారు. నేను చెప్పుల్లేకుండా గేటుదాకా పరిగెత్తి ఆపాను. ‘పోయినవాళ్ళకి ఏం తెలుస్తుందమ్మా’ అన్నాడు బండివాడు. వాళ్ళకి తెలియకపోవచ్చు. ఏడ్చేవాళ్ళ ఏడుపు చేరాల్సిన చోటికి చేరాలి కదా?” ఆమె దీవెన వైపు తిరిగింది. “బాగుచేయగలవా?”

“గలను. కానీ నాదైన గ్లాసు ఖాళీ అయిపోయిందమ్మా. నేను నీకు ఎవరినో అయిపోతాను. ఇప్పుడు చెప్పినదంతా చిన్నక్క చెప్పినట్టే నీకు గుర్తుంటుంది. అదీ లీలగా.”

“నీకు కష్టంగా ఉండదూ?”

దీవెన జవాబు చెప్పలేదు. తల్లి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది. “నువ్వు స్నేహవే అయితే ఈ ప్రశ్నకి పది మాటలు చెప్పేదానివి,” అంది మెల్లగా. “కాగితం తీసుకురా. ఒప్పుకుంటున్నానని సంతకం పెడతాను. సంతకం లేకుండా నా వార్డులో సూది కూడా గుచ్చనిచ్చేదాన్ని కాదు.”

*

పరిశోధనశాలలో పని పావుగంట మాత్రమే పట్టింది. ముగ్గురి పేర ముగ్గురూ పుట్టిన గడియలను గుర్తులుగా రాసింది దీవెన. కుర్చీ మారినా, ఊరు మారినా, లోకమే విడిచినా మారని గుర్తులవి. మొదటి కొమ్మను కృపామణికి కట్టింది. రెండో కొమ్మను, అందులో పోగుపడిన మూడేళ్ళ నూనెరాతలు, బుగ్గగిల్లుళ్ళు, ఈ చివరి ఆరు రోజులతో సహా, స్నేహకు కట్టింది. మూడో గుర్తు రాసి దాని ఎదుట ఏమీ రాయలేదు.

“ఇంకొకసారి ఆలోచించు,” అన్నాడు పార్వతీశం. “నకలు పెట్టడం ఒక్క నిమిషం పని.”

“వద్దండి. అది పెడితే ఆవిడ ఎప్పుడు నన్ను దగ్గరకు తీసుకున్నా ఆ చేతులు నాకోసం చాచినవి కావని నాకు తెలుస్తూనే ఉంటుంది.”

ఆమె మీట నొక్కింది. తెరమీద రెండు నీడలు పక్కపక్కన నిలిచాయి. తేడా ఉన్న కొమ్మలు ఒక్కటొక్కటిగా వెలిగి ఆరాయి.

పక్కగదిలో మంచంమీద పడుకున్న సుగుణమ్మ కళ్ళు తెరిచింది. పక్కనే ఉన్న పెద్దకూతురిని చూసి “కృపా, ఎండ చాలా ఉందే, పరదా వెయ్యి,” అంది. పరదా వేసి కృపామణి మంచం అంచున కూర్చుంది. తల్లి చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంతకు మునుపు చెప్పిన మాటనే మళ్ళీ చెప్పింది.

“అమ్మా, స్నేహ పోయింది.”

ఈసారి ఆ మాట దారి తప్పలేదు. వెళ్ళవలసిన కొమ్మకు వెళ్ళింది, కొమ్మ చివరిదాకా వెళ్ళింది, అక్కడ ఎవరూ లేకపోవడం చూసింది. సుగుణమ్మ ముఖం మెల్లగా ముడుచుకుంది. మొదట గొంతు రాలేదు. తర్వాత వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడిన దీవెనకు ఆ గొంతు కొత్త. తల్లి రోగుల కోసం ఏడవగా విన్నది, తండ్రి కోసం ఏడవగా విన్నది, మొన్న తన కోసం ఏడవగా విన్నది. ఇది వాటిలో ఏదీ కాదు. ఇది స్నేహ ఏడుపు. స్నేహకు మాత్రమే చెందిన ఏడుపు. పద్దెనిమిది రోజులు ఆలస్యంగా తన మనిషిని వెదుక్కుంటూ వచ్చిన ఏడుపు.

“నా తల్లీ, తలకి నూనె రాయించుకోకుండా బడికి పోయేదానివి కాదు కదే! హెడ్‌మాస్టరు మీద చాడీలు చెప్పకుండా అన్నం తినేదానివి కాదు కదే!”

దీవెన గోడకానుకుంది. ఏడవకూడదనుకుంది. కానీ ఇన్నాళ్ళూ తన చావుకు ఏడ్చే తల్లినే ఓదార్చిందిగాని, అక్క కోసం తాను కూడా ఏడవలేదని అప్పుడు తెలిసింది. మోకాళ్ళమీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని, చిన్నపిల్లలాగా వెక్కిపడింది.

కొంతసేపటికి మంచంమీది ఏడుపు తగ్గింది. గదిలో మరొక ఏడుపు మిగిలి ఉందని సుగుణమ్మ గమనించింది. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఎవరో అమ్మాయి. సన్నటి ముఖం. ఎన్నడూ చూడని ముఖం.

“ఎవరే ఆ అమ్మాయి?”

కృపామణి నోరు తెరవబోయింది. దీవెన తల అడ్డంగా ఊపింది. తన తల్లికి తానెవరో మరొకరు చెప్పడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

“ఏమ్మా,” అంది సుగుణమ్మ, వార్డులో కొత్తగా వచ్చినవాళ్ళను పలకరించే మెత్తని గొంతుతో. “నా బిడ్డ కోసం అంతలా ఏడుస్తున్నావు. స్నేహ నీకేమవుతుంది?”

“అక్క,” అంది దీవెన. ఆ ఒక్క మాటే వచ్చింది.

సుగుణమ్మ ఆ ముఖాన్ని ఎంతోసేపు చూసింది. వెదికింది. తనలో ఏ మూలా ఏమీ దొరకలేదు. దొరకలేదన్న సంగతి ఆమె కళ్ళలో స్పష్టంగా కనిపించింది, దీవెన దాన్ని చూసి తట్టుకుంది. అయినా తల్లి చూపు తిప్పుకోలేదు. తెలియని మందు సీసామీది పేరును అక్షరం అక్షరంగా కూడబలుక్కున్నట్టు, నుదురు ముడిచి, నెమ్మదిగా లెక్క కట్టింది.

“స్నేహ నీకు అక్కయితే, నేను నీకు అమ్మనే కదా.”

ఆ మాటలో ప్రేమ లేదు. ఇంకా లేదు. కానీ సుగుణమ్మ మంచంమీద పక్కకు జరిగింది. కృపామణికీ తనకూ నడుమ ఒక మనిషి పట్టేంత చోటు చేసింది. ఆ చోటును అరచేత్తో రెండుసార్లు తట్టింది.

“రా. గుమ్మం దగ్గర నిలబడకు. ఇక్కడ కూర్చుని ఏడువు. తర్వాత నీ గురించి చెబుదువుగాని.”